పూర్వపు జనులెచ్చటికి పోయిరి?

మన కొండసీమలో పాత విగ్రహమొకటి మన్ను నుండి బయల్పడినప్పుడెల్ల పెద్దలును పిన్నలును అడుగు ప్రశ్న యొక్కటే. దీనిని పూజించిన జనులెచ్చటికి పోయిరి? నందపురము చెంతనున్న సుబాయి గ్రామమున జైన ఆలయములును తీర్థంకరుల శిలావిగ్రహములును కలవు. జయపురమునను జైన ప్రతిమలు దొరకినవి. కొన్ని యూళ్లలో ఆ దిగంబరమూర్తులే శివుడనియు, భైరవుడనియు, అమ్మవారనియు నేటికిని పసుపు కుంకుమ లందుకొనుచున్నారు. ఇప్పుడు మన బజారులలో కనిపించు జైన వర్తకులు ఇటీవలి కాలమున మార్వాడ, గుజరాతు సీమల నుండి వచ్చినవారు. ఆ రాళ్లు చెక్కించిన వారి వంశజులు కారు. మరి ఆ వంశజులెవరు?

ఈ ప్రశ్నకు పాతసాక్షి యొకడు కలడు. చీనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగు 7వ శతాబ్దిలో కళింగమునకు వచ్చెను. అన్యమతస్థులలో నిర్గ్రంథులు, అనగా జైనులు, మిక్కిలి యధికముగా నున్నారని వ్రాసెను. పూర్వమీ దేశము జనసమ్మర్దముతో నుండెడిదనియు, ఒక ఋషి శాపముచే పాడుపడెననియు, పిదప ఇతర దేశముల వారు వచ్చి నెమ్మదిగా నిండినను జనసంఖ్య యింకను చాలదనియు తాను విన్న కథ నొకటి చెప్పెను. శాపము మాట యటుంచుదము. మతము మారుటయు జనము మారుటయు ఆ కాలమువారి మనస్సులలో కూడ పెనవైచుకొని యుండెనని యీ కథ తెలుపుచున్నది.

జైనము ఒక్కనాడు మాయము కాలేదు. విజయనగరము చెంతనున్న రామతీర్థమున, 11వ శతాబ్ది యారంభమున నేలిన తూర్పు చాళుక్య విమలాదిత్యుని కాలపు శాసనము కలదు. దేశిగణమునకు చెందిన త్రికాలయోగి సిద్ధాంతదేవుడు రామకొండకు నమస్కరించెనని అందున్నది. అనగా నాటికిని గురువులు, శిష్యులు, యాత్రలు నిలిచియే యుండెను. ఆ శతాబ్దిలోనే గాంగరాజులు బలపడిరి. ముఖలింగపు శివాలయ కుడ్యములు సంస్కృతాంధ్ర శాసనములతో నిండెను. 1078లో పట్టమునకు వచ్చిన అనంతవర్మ చోడగంగదేవుడు పూరీలో జగన్నాథాలయమును కట్టించెను. 13వ శతాబ్దిలో మొదటి నరసింహదేవుని కాలమున సింహాచలము పెంపొందెను. ఆ శతాబ్ది చివర మధ్వగురువు నరహరితీర్థులు శ్రీకూర్మమున ధర్మప్రచారము చేసిరి. భూదానములు, దీపదానములు క్రొత్త ఆలయములకు తరలెను. భిక్షపై బ్రతుకు ముని భిక్ష పెట్టు గృహస్థు లేక నిలువడు. ముని పోయెను, గృహస్థు మాత్రము తన పొలమునందే యుండెను. అతడు ప్రాతరాతికి క్రొత్తపేరు పెట్టుకొనెను.

ఇట్టి మార్పు మనకే కలిగినది కాదు. హ్యూన్‌త్సాంగు కళింగమున తిరుగుచున్న సంవత్సరములకు కొంచెము ముందే, మధ్యధరా సముద్రపు తూర్పుతీరమున సిరియా, పాలస్తీనాలు అరబ్బుల వశమయ్యెను. 636లో యర్మూకు యుద్ధము జరిగెను. అంతమాత్రమున అచ్చటి క్రైస్తవులందరును మరునాడే మహమ్మదీయులు కాలేదు. వారు ముందు అరామికు విడిచి అరబ్బీ నేర్చిరి. మతము శతాబ్దముల మీదుగా మారెను. 1099లో క్రూసేడు సైన్యములు జెరూసలేము పట్టుకొనునాటికి సైతము క్రైస్తవగ్రామములు పెక్కులు మిగిలియుండెను. పన్నులు, కరవులు, యుద్ధములు, మఠముల క్షీణత, సంచారజాతుల రాక, ఇవన్నియు కలిసి పనిచేసెను. కొన్ని యూళ్లు నిజముగనే పాడుపడి క్రొత్తవారితో నిండెను. అనేకమైన యూళ్లలో పాతవారే క్రొత్తప్రార్థన నేర్చిరి. మాలూలా యను కొండయూరిలో మాత్రము అరామికు మన కాలమువరకు నిలిచెను.

లెక్కల కాగితములు మనుష్యుని ఎట్లు మార్చునో మేము కండ్లార చూచితిమి. 1991 జనాభా లెక్కలలో మాకు ఎన్యూమరేటరు పని పడెను. ఒక వర్తకుని యింట వృద్ధుడు మాతృభాష తెలుగని చెప్పెను. కుమారుడు తడుముకొని తెలుగనెను. కోడలు నవ్వి, పిల్లలకు ఒడియా వ్రాయుమనెను. అమ్మ భాష వ్రాయవలెనని మేము చెప్పగా, "మేమిద్దరమును వారితో ఒడియాయే మాట్లాడుదుము గదా" అని యామె బదులిచ్చెను. ఆమె చెప్పినట్లే వ్రాసితిమి. ఆ యింటినుండి ఎవ్వరును కదలలేదు. పొయ్యి అదే, గడప అదే. వెయ్యేండ్ల తరువాత ఆ కాగితమును మాత్రమే చూచువాడు, టికిరిలో తెలుగువారు పోయి ఒడియావారు వచ్చిరని వ్రాయడా?

అయినను ఎవ్వరును రాలేదనుట కూడ సత్యము కాదు. 15వ శతాబ్దిలో సూర్యవంశపు వినాయకదేవుడు నందపురపు శిలావంశపు రాజకుమార్తెను పెండ్లాడి రాజ్యము పొందెనని జయపురపు వంశచరిత్ర చెప్పును. రాజుల వెంట పైకులు, బ్రాహ్మణులు వచ్చిరి. ఘాటుదారుల వెంట ఉప్పు, బట్టలతో మన కోమట్లు వచ్చిరి. ఎదురుదిక్కున జాతాపులు ఖోందులనుండి విడివడి తెలుగువారైరని పరిశోధకు లందురు. కొండదొరలలో ననేకులు తమ కూబిభాషను విడిచి తెలుగును గ్రహించిరి. కనుక "ముందు వచ్చినదెవరు" అను వాదములో ఎవ్వరికిని పూర్తి పట్టా దొరకదు. మనమును కొంత వచ్చినవారము, కొంత మారినవారము.

ఇది తెలిసినవాడు పొరుగువానిని పరాయివాడనడు. తనను పరాయివాడనిన మాటకును క్రుంగడు. కాని యొక చింత మిగిలియే యున్నది. సుబాయి తీర్థంకరుని ముందు కొబ్బరికాయ కొట్టువానికి భక్తి కలదు, పేరు తెలియదు. మన మనుమలకు మన పండుగలు, పిండివంటలు మిగులును, ఇంటిపేరు మిగులును, దానిని తెలుగులిపిలో చదువుట మాత్రము మిగులదేమో. దానికై ఒడియాతో కలహింపనక్కరలేదు. అది వారి అన్నముపెట్టు భాష. రాత్రి భోజనమైన పిదప అరగంట, ఒక పలక, ఒక తాతయో అమ్మమ్మయో చాలును. ఈ సంచికను చదువగలిగిన ప్రతి కుటుంబమునందును చదువలేని పిల్లవాడొకడుండును. ఈ పుటను వానిచేత చదివింపవలెనని మా కోరిక.