ప్రణాళిక కాగితంలో అమ్మ మాట

తిరుచానూరులో అమ్మవారి గుడి దగ్గర బస్సు దిగి, పూలబుట్టలూ పసుపుకుంకుమల అంగళ్ళూ దాటి లోపలి వీధిలోకి పోతే ఆ బడి వస్తుంది. నేను చేరేసరికే గది నిండిపోయింది. సగంమంది తల్లులు, వాళ్ళ మధ్య కొందరు తండ్రులు, ఒక అవ్వ. మిగతావాళ్ళు చుట్టుపక్కల బడుల టీచర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు. దివ్యాంగులైన పిల్లలకు వ్యక్తిగత విద్యా ప్రణాళిక ఎట్లా రాయాలో నేర్పే శిక్షణ అది. టీచర్లకు వేరుగా, తల్లిదండ్రులకు వేరుగా ఇట్లాంటి తరగతులు జరుగుతుంటాయి. ఇక్కడ మాత్రం ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెడుతున్నారని తెలిసే వచ్చాను.

శిక్షణ ఇచ్చే మేడం ఉపన్యాసంతో మొదలుపెట్టలేదు. ఒక్కో బిడ్డ తల్లినీ ఆ బిడ్డ క్లాసు టీచరునూ జతగా కూర్చోబెట్టి చెరొక తెల్లకాగితం ఇచ్చింది. ఆ బిడ్డ ఎవరి సాయమూ లేకుండా చేసే పనులు రాయమంది. టీచర్ల కాగితాలు ఒకటి రెండు వరుసల దగ్గరే ఆగిపోయాయి. తల్లులకు కాగితం చాలలేదు. రాయడం రానివాళ్ళు చెబుతుంటే పక్కనున్న అంగన్‌వాడీ ఆమె రాసిపెట్టింది.

గుడి దగ్గర పూలు కట్టి అమ్మే ఒక తల్లి చెప్పింది: "మా వాడు పలకడు మేడం. కానీ నేను పూలు కడతా ఉంటే పక్కన కూచోని కనకాంబరాలు ఒకపక్క, మల్లెలు ఒకపక్క, మరువం ఒకపక్క ఏరి పెడతాడు. ఒక్కటి కూడా తప్పు పోడు." ఆ అబ్బాయి గురించి బడిలో నిరుడు రాసిన కాగితంలో ఉన్నది ఒక్కటే మాట: అక్షరాలు గుర్తించలేడు. టీచరు ఆ తల్లి వైపు తిరిగి, "ఈ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదే అమ్మా" అంది. "మీరు అడగలేదు కదా మేడం" అందామె, నిష్ఠూరం లేకుండానే.

అక్కడినుంచి పని ఊపందుకుంది. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ ఒకటుంది, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లల కోసం వాళ్ళు తయారుచేసిన పరిశీలన పట్టికను మేడం బోర్డు మీద గీసి చూపించింది. అందులో పాస్, ఫెయిల్ అని ఉండవు. బిడ్డ ఆ పని తనంతట తాను చేస్తాడా, సైగ చేస్తే చేస్తాడా, నోటితో చెబితే చేస్తాడా, చెయ్యి పట్టి చేయిస్తే చేస్తాడా, అసలు ఆ పని చేసే అవకాశమే ఇంతవరకు దొరకలేదా అని మెట్లుమెట్లుగా ఉంటుంది. ఒక స్థాయిలో 80 శాతం పనులు వస్తే పై స్థాయికి పోవచ్చు. ఆ చివరి గడి దగ్గర మేడం చాలాసేపు ఆగింది. మనం 'చేతకాదు' అని రాసేసిన పనులు ఎన్నో నిజానికి ఆ గడిలోవి, బిడ్డ చేతికి మనం ఎప్పుడూ ఇవ్వనివి. నాకు ఆ రోజు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన మాట అదే.

తరువాత లక్ష్యం రాయడం. 'అక్షరాలు నేర్చుకొనును' అనే వాక్యాన్ని మేడం కొట్టేసింది. ఎప్పటికి, ఏ వస్తువుతో, ఎంత సాయంతో, ఎన్నిసార్లకు ఎన్నిసార్లు అన్నవి లేని లక్ష్యాన్ని ఎవరూ కొలవలేరు. పూలమ్మే తల్లి, టీచరు కలిసి ఇట్లా రాశారు: దసరా సెలవుల నాటికి, మూడు రంగుల పూసలు కలిపి ఇస్తే, నోటిమాట సాయంతో రంగుకు అయిదేసి లెక్కపెట్టి వేరు గిన్నెల్లో వేస్తాడు, అయిదుసార్లలో నాలుగుసార్లు. ఏరడం నుంచి లెక్కకు, లెక్క నుంచి అంకెకు, అంకె నుంచి అక్షరానికి దారి ఉంది. ఇంట్లో పూలతో, బడిలో పూసలతో అదే పని రెండుచోట్లా సాగుతుంది. ఆ కాగితం తెలుగులో ఉంది, ఆ తల్లికి చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకున్నారు.

ఆటిజం ఉన్న పాప తండ్రి ఒకాయన అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాల సంగతి ఎత్తాడు. ఆ తొమ్మిది రోజులూ మైకులు, డోళ్ళు, చివరిరోజు పంచమీతీర్థం నాటికి ఇసకవేస్తే రాలని జనం. పాప చెవులు మూసుకుని ఏడుస్తుంది, నిద్రపోదు, బడికి పోదు. రిజిస్టరులో మాత్రం గైర్హాజరు. ఈ ఊరి పిల్ల ప్రణాళికలో ఈ ఊరి ఉత్సవం ఉండాలి కదా! అది కూడా ఆ తండ్రే పూరించాడు. ఏ రోజు ఏ వాహనమో బొమ్మలు వరుసగా అతికించి, అయిన వాహనం బొమ్మ మీద పాప చేతనే గీత కొట్టిస్తాడట. శేషవాహనం, హంస, గజవాహనం అయ్యాక ఇంకెన్ని మిగిలాయో పాపకు కంటికి కనిపిస్తుంది, సద్దు ఎప్పుడు ఆగుతుందో తెలుస్తుంది. బడిలో కూడా ఆ రోజుల్లో పాపకొక సద్దులేని మూల కేటాయించాలని టీచరు రాసుకుంది.

అవ్వ మనవడికి వినపడదు. ఆమెకు టీటీడీవారు వినికిడి లోపం ఉన్న పిల్లల కోసం నడిపే శ్రవణం కేంద్రం గురించి చెప్పారు. అక్కడ అయిదేళ్ళలోపు పిల్లలతో పాటు తల్లికీ శిక్షణ ఇస్తారు.

"బడివాళ్ళు చేర్చుకోము అంటే?" అని ఒక తల్లి అడిగింది. దానికి జవాబు చట్టంలోనే ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వివక్ష లేకుండా చేర్చుకోవాలని, బిడ్డకు తగిన సాయం అందించాలని, ప్రతి బిడ్డ ప్రగతినీ గమనించాలని దాని 16వ సెక్షన్ చెబుతుంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్ళకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య 31వ సెక్షన్ ఇచ్చే హక్కు. ఇక వ్యక్తిగత విద్యా ప్రణాళిక సంగతికొస్తే, అమెరికాలో 1975 చట్టమే దాన్ని తప్పనిసరి చేసి, దాన్ని రాసేవాళ్ళలో తల్లిదండ్రులనూ చేర్చింది. మన దగ్గర తల్లిదండ్రుల స్థానం చాలాచోట్ల ఇంకా సంతకం గీత దగ్గరే ఉంది.

మనుషుల కొరత కూడా నిజమే. దివ్యాంగ పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో పనిచేసే ప్రత్యేక టీచర్లు (ఐఈఆర్టీలు) ఊళ్ళు తిరుగుతూ ఎందరో పిల్లలను చూసుకోవాలి. ప్రాథమిక స్థాయిలో 10 మంది దివ్యాంగ పిల్లలకు, ఆపైన 15 మందికి ఒక ప్రత్యేక టీచరు ఉండాలని 2022లో కేంద్రం నోటిఫై చేసింది. 2025లో ఆంధ్రప్రదేశ్ 2,260 ప్రత్యేక విద్య టీచర్ల పోస్టులు మంజూరు చేసింది. అవి నిండాలి, నిండి తీరాలి. అయితే ప్రత్యేక టీచరు వచ్చినా మిగతా పీరియడ్లన్నీ ఆ బిడ్డ కూర్చునేది మామూలు క్లాసులోనే. క్లాసు టీచరు ఈ పని నాది కాదనుకున్నంతకాలం సమ్మిళిత విద్య హాజరుపట్టీలో పేరు దగ్గరే ఆగిపోతుంది. ఆ గదిలో టీచర్లు ఒక్కపూటలో మారడం చూశాక, వాళ్ళకు లేనిది మనసు కాదు, సమాచారం అని నమ్ముతున్నాను.

మీ ఇంట్లో అట్లాంటి బిడ్డ ఉంటే, జూన్‌లో బడి తెరిచిన నెలలోనే ప్రణాళిక కాగితం అడగండి. మీ మాట అందులో లేకపోతే సంతకం చేయకండి. మీరు టీచరైతే, రాసేముందు ఒక సాయంత్రం ఆ ఇంటికి పోయి ఆ తల్లి పక్కన కాసేపు కూర్చోండి.