ముసలి పిల్లి ప్రయాణము

పిల్లి తన కూనలను ఏడిండ్లు త్రిప్పునని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాట విన్నవారికి పిల్లి గొప్ప సంచారి యని తోచవచ్చును. కాని ఆ యేడిండ్లును ఒక్క వీథిలోనివే. కూనలకు భద్రమైన మూల దొరకువరకే యా తిరుగుడు. వయసు మీరిన పిల్లి తన గడపను, తన గోడను, తన యెండపొడను విడిచి యడుగు కదపదు. ప్రయాణమునకు బయలుదేరునపుడు పిల్లి యెదురైనచో వెనుకకు మరలువారు మనలో నేటికిని కలరు. మేము గత వేసవి సెలవులలో పదమూడేండ్ల ముసలి పిల్లిని వెంట నిడుకొనియే లాలాగూడనుండి మెదకునకు పోయి వచ్చితిమి. పెంపుడు జంతువులు గల మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఉపయోగపడునని యా సంగతులను ఇచట వ్రాయుచున్నాము.

మా మామగారు లాలాగూడ రైల్వే కర్మాగారమున వడ్రంగముచేసి విశ్రాంతి పొందినవారు. 1893లో నిజాము రైల్వేవారి కాలమున వెలసిన యా కర్మాగారము 1966నుండి దక్షిణ మధ్య రైల్వేకు చెందినది. రైలుపెట్టెలలోని బల్లలను, తలుపులను, కిటికీలను బాగుచేయుటలో వారి చేతులు నలువది యేండ్లు తిరిగినవి. పనినుండి విరమించి క్వార్టరు ఖాళీచేసిన వారముననే యొక పిల్లికూన వారి క్రొత్త యింట చేరినది. నుదుట తెల్లని చుక్క యుండుటచే మా అత్తగారు దానికి ‘చుక్క’ యని పేరుపెట్టిరి. అది యామె పాదములయొద్దనే పరుండెడిది. ఆమె గతించి యేడాది దాటినది. అప్పుడు చుక్క మూడు దినములు తిండి ముట్టలేదు. తమ పళ్లెము ప్రక్కకు త్రోసి మామగారు దానిని బుజ్జగించి తినిపించిరి.

మా బావమరది యొక పాత వ్యాను కొనగా, మామగారు రవాణాశాఖవారి యనుమతి లభించినపిమ్మట దానిని మోటారు ఇల్లుగా మార్చిరి. రెండు పడకలు, ఒక పొయ్యిబల్ల, నీళ్ల తొట్టి, దుస్తుల యర, అన్నియు రైలుపెట్టెలోవలె ముడుచుకొను విధమున అమర్చిరి. పని ముగిసిన దినమున, “నా పెండ్లి జరిగిన మెదకు దేవాలయములో మరియొకసారి నిలువవలెను” అనిరి. వెంటనే, “చుక్కను ఒంటరిగ విడిచి నేను రాను” అనియు అనిరి. దాని మూత్రపిండములు బలహీనపడినవని వైద్యుడు అంతకుముందే చెప్పియుండెను. పిల్లిని విడిచిన మామగారు రారు. తెచ్చినచో పిల్లి తట్టుకొనునో లేదో తెలియదు. మా చిక్కు ఇది.

మొట్టమొదట చుక్కను పశువైద్యునకు చూపితిమి. పదియేండ్లు దాటిన పిల్లిని వృద్ధగా నెంచవలెననియు, ఆ వయసున మూత్రపిండములును కీళ్లును చెడుట సామాన్యమనియు ఆయన చెప్పెను. రెండు మూడు దినములు ఏమియు తినకున్నచో పిల్లి కాలేయమునకే ముప్పు వచ్చునట. దానిని తూచి, పండ్లు చూచి, ప్రయాణమున వాంతి కాకుండుటకు మందు వ్రాసియిచ్చెను. మనుష్యుల మాత్రలను ఎన్నడును పిల్లికి వేయరాదని గట్టిగ చెప్పెను. మన యిండ్లలో జ్వరమునకు వాడు పారసిటమాల్ పిల్లికి ప్రాణాంతకము.

తరువాత నాలుగు వారములు సాధనకు కేటాయించితిమి. మొదటి వారమున, మూతగల గట్టి బుట్టను ఇంటిలోనే తెరచి యుంచి, దాని తిండి యందులోనే పెట్టితిమి. వైద్యుని యొద్దకు పోవునపుడు మాత్రమే కనబడు బుట్టను చూచి పిల్లి పరుగెత్తక యేమి చేయును? ప్రతిదినము కనబడు బుట్ట దానికి పీట వంటిదగును. రెండవ వారమున కదలని వ్యానులో పది నిమిషములు, ఇరువది నిమిషములు కూర్చుండబెట్టితిమి. మూడవ వారమున ఇంజను మాత్రము నడిపితిమి. మనుష్యుని చెవికి సెకనుకు ఇంచుమించు 20,000 కంపనముల వరకే వినబడును. పిల్లి చెవికి 60,000కు పైగా వినబడును. కనుక మనకు మామూలుగ దోచు యంత్రధ్వని దానికి వేరొకరీతిగ నుండునని యెరిగి, ఓపిక పట్టవలెను. నాలుగవ వారమున వీథి చివరకు, పిదప మెట్టుగూడకు, పిదప తార్నాకకు తీసికొనిపోతిమి. తార్నాక దినమున చుక్క వాంతిచేసికొని దీనముగ నరచినది. మరునాడు ప్రయాణము మానితిమి. ఆ మరునాడు మెట్టుగూడకే పోయి తిరిగి వచ్చితిమి. వెనుకకు వేసిన యా యొక్క యడుగువలన రెండు దినములలో తార్నాక దాటగలిగితిమి.

వ్యానులోపల మామగారి పనితనము చూడదగినది. కీళ్లనొప్పి గల పిల్లి ఎగిరి దుముకలేదు గనుక పడకమీది కెక్కుటకు గోనెగుడ్డ చుట్టిన వాలుబల్ల నమర్చిరి. దొడ్డికి వాడు ఇసుకపళ్లెమునకు ఒక ప్రక్క అంచు తగ్గించిరి. పడకక్రింద చీకటిమూల నొకదానిని దానికొరకే విడిచిరి. భయపడిన పిల్లికి అట్టి మూల యుండవలెను. అందుండి దానిని బలవంతముగ లాగరాదు. కిటికీలకు గట్టి వలలు బిగించిరి. బండి నడుచుచున్నంతసేపు పిల్లి బుట్టలోనే యుండవలెను. బుట్టను పట్టీతో కట్టవలెను. విడిచిన పిల్లి డ్రైవరు కాళ్లక్రిందికి దూరినచో అందరి ప్రాణములకును అపాయము.

అన్నిటికంటె ముఖ్యమైనది వాసన. పిల్లి చెక్కిళ్లలోను గడ్డముక్రిందను గంధగ్రంథులు కలవు. అది తలుపునకును, కుర్చీకాలునకును ముఖము రాయుట కేవలము ముద్దుకొరకు కాదు. ఇది నాది, ఇచట నాకు భయము లేదు అని గురుతు పెట్టుటకు. కావున దాని పాత గుడ్డను ఉతుకక వ్యానులో పరువవలెనని వైద్యుడు చెప్పెను. ఆ రాత్రి మామగారు పెట్టె తెరచి, ఏడాదిగా మడచి దాచిన మా అత్తగారి నేతచీర నొకదానిని తీసి బుట్టలో పరచిరి. మేమెవ్వరమును అడుగలేదు. వారును ఏమియు పలుకలేదు. చుక్క దానిని రెండుమూడు మారులు వాసన చూచి, కాళ్లతో మెల్లగ పిసికి, దానిపై పరుండినది.

హైదరాబాదు మే నెల యెండ 40 డిగ్రీలు దాటుట కలదు. కనుక తెల్లవారుజామున అయిదుగంటలకే బయలుదేరి మేడ్చల్, తూప్రాన్ మీదుగా పోయి యెండ ముదురకముందే మెదకు చేరితిమి. రాత్రి కొంచెమే తినిపించి, ఉదయము మందిచ్చి, ఇంటినీటినే వెంట తీసికొనిపోతిమి. ఎండలో నిలిపిన బండిలో పిల్లిని ఒక్క క్షణమైనను ఒంటరిగ విడువరాదు. కొలది నిమిషములలోనే లోపలి వేడి ప్రాణము తీయును. కుక్క నోరుతెరచి రొప్పుట సహజము గాని పిల్లి అట్లు రొప్పినచో అది యాపదయని యెరుంగవలెను.

మెదకులో బంధువుల యావరణమున వేపచెట్టు నీడను బండి నిలిపితిమి. చుక్క ఆ పగలంతయు పడకక్రిందనే యుండెను. ఇంటివద్ద తిను వేళకే, అదే గిన్నెలో, అదే తిండి పెట్టితిమి, ముట్టలేదు. మామగారు నేలపై కూర్చుండి, దానిని పిలువక, తాకక, పాత రైలుకథలు తమలో తామే చెప్పుకొనుచుండిరి. చీకటిపడిన పిమ్మట గిన్నె కదలిన చప్పుడు వినబడెను. మరునాటి సాయంకాలము చుక్క వాలుబల్లమీదుగ నెక్కి, కిటికీవల వెనుక కూర్చుండి, 175 అడుగుల యా దేవాలయ గోపురమువైపు కాకులను చూచుచుండెను. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన యా మందిరమున ఆదివారపు ఆరాధనకు మామగారు మమ్ముగూడి పోయిరి. మా పెద్దపిల్ల చుక్కకు కావలియుండెను. మామగారు రంగు అద్దముల వెలుగులో చాలసేపు నిలిచి, వెలుపలికి వచ్చినతోడనే అడిగిన మొదటి మాట: “తినినదా?”

ప్రపంచమున ప్రయాణముచేసిన పిల్లులు లేకపోలేదు. 1799లో ఓడమీదనే పుట్టిన ట్రిమ్ అను పిల్లి నావికుడగు మాథ్యూ ఫ్లిండర్సుతో ఆస్ట్రేలియాఖండమును చుట్టివచ్చినది. దానికి ఓడయే పుట్టినిల్లు. జపానులో కిషీ స్టేషనునకు 2007లో స్టేషను మాస్టరుగా నియమింపబడిన తామా యను పిల్లి 2015లో మరణించువరకును పేరుపొందెను. అదియు ఆ స్టేషనును కనిపెట్టుకొని యుండుటచేతనే. లాలాగూడ రైల్వే ఇండ్ల సంగతి వేరు. బదిలీయో, విరమణయో కాగానే సామానులు లారీకెక్కును. మంచముక్రింది ముసలి పిల్లి మాత్రము ఖాళీ క్వార్టరులో మిగిలిపోవును. “పిల్లి గదా, ఎక్కడనైనను బ్రతుకును” అందురు. పడుచుపిల్లి బ్రతుకవచ్చునేమో. కీళ్లు పట్టినది, మందు వలసినది, పిలిచినవారి గొంతు తప్ప వేరెరుగనిది బ్రతుకుట కష్టము.

విద్యార్థులారా, మీ యింట అట్టి దినము వచ్చినచో, సామానులు కట్టుటకు నెల ముందుగనే బుట్ట తెరచి యుంచుడు. పాత గుడ్డను ఉతుకకుడు. గిన్నె మార్చకుడు. రైలులో పోవలసినచో పార్సిలు ఆఫీసులో నిబంధనలు ముందుగనే విచారింపుడు. క్రొత్త యింట మొదట ఒక్క గదిలోనే యుంచి, అది తానై వెలుపలికి వచ్చువరకు వేచియుండుడు. ముసలి ప్రాణమును కదల్పవలసినపుడు దాని యింటిలో కొంతభాగమును దానితో కదల్పవలెను. మా మామగారు క్వార్టరు విడిచి వచ్చిన క్రొత్తలో కర్మాగారపు కూత వినబడక నిద్రపట్టకున్నపుడు, తమ ఉలిపెట్టెను మంచము ప్రక్కన పెట్టించుకొనిరి. అది నేటికిని అచటనే యున్నది. ఇప్పుడు దానిమీద చుక్క పరుండుచున్నది.