శారదా నది వెంట సైకిలు మీద

దేవరాపల్లి పేరు వినని వారు చాలామందే వుంటారు. కాని విశాఖపట్నంలో కుళాయి తిప్పే ఇల్లాలికి తనకు తెలియకుండానే ఆ వూరితో బాంధవ్యం వుంది. ఆమె బిందెలో పడే నీళ్ళలో కొంత దేవరాపల్లి దగ్గరి రైవాడ జలాశయం నుంచి వచ్చినదే. ఆ జలాశయాన్ని నింపేది శారదా నది. అనంతగిరి కొండల్లో పుట్టి, చోడవరం, అనకాపల్లి ప్రాంతాల పొలాలను తడిపి, రాంబిల్లి వైపు వెళ్ళి సముద్రంలో కలుస్తుంది. గోదావరీ కృష్ణల ముందు ఇది చంటిపిల్ల. అయితేనేం, చదువులతల్లి పేరు పెట్టుకున్న నది. తెలుగు పాఠాలు చెప్పుకుని బ్రతికే నాబోటి వాడు ఆమె పుట్టింటి వైపు వొకసారైనా వెళ్ళి రావాలి కదా! కిందటి మాఘమాసంలో ఆ ముచ్చట తీరింది, అదీ సైకిలు మీద.

సైకిలు ఆలోచన నాది కాదు, మా మేనల్లుడిది. వాడికి బెంగుళూరులో ఉద్యోగం. సెలవులకు వస్తూ రెండు కొత్తరకం సైకిళ్ళు వెంట తెచ్చాడు, ఒకటి తనది, ఒకటి స్నేహితుడి దగ్గర ఎరువు తెచ్చినది. వీటిని గ్రావెల్ బైకులంటారట. పందెపు సైకిలుకున్నట్టే వంకీ తిరిగిన హేండిలు, కాని దానికంటె లావుపాటి టైర్లు. తారు రోడ్డు వదిలి గులకరాళ్ళ మీద, మట్టి బాటల మీద పోవడానికి చేసినవి. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రపు రాళ్ళ దారుల్లో 2006లో రెండు వందల మైళ్ళ పందెం ఒకటి మొదలై, దానితో ఈ సరదా నలుమూలలా పాకింది. 2022లో ఇటలీలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలే పెట్టారు.

"టైరు వెడల్పు నలభై మిల్లీమీటర్లు, మామయ్యా!" అని వాడు గొప్పగా చెబుతుంటే నాకు మా నాన్నగారి సైకిలు జ్ఞాపకం వచ్చింది. ఆ పాత సైకిలు టైరు మీద 28 × 1½ అని అచ్చు వేసి వుండేది. అంగుళంన్నర అంటే ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు! మన పల్లెటూళ్ళ పోస్టుమానులు, పాలవాళ్ళు, బడిపంతుళ్ళు దశాబ్దాల తరబడి చేసింది ఈ గ్రావెల్ సైకిలు సవారీయే. వారికెవరూ పతకాలు ఇవ్వలేదు, అంతే తేడా.

మొదటి రోజు సులువైన దారి పట్టాము. దేవరాపల్లి నుంచి రైవాడ దాకా వెళ్ళి, అక్కడి నుంచి కాలువ గట్ల మీదుగా, తోటల మధ్య బండి బాటల మీదుగా తిరిగి రావడం. తెల్లవారి మంచు ఇంకా విడలేదు. ఎక్కడో బెల్లం వండుతున్నారు. చెరకు పిప్పి మంట మీద పెద్ద పెనంలో పాకం కుతకుతలాడుతుంటే ఆ కమ్మటి వాసన ఫర్లాంగు దూరం ఎదురొచ్చి పలకరించింది. అనకాపల్లి బెల్లానికి దేశమంతటా పేరు రావడం వెనుక ఇలాంటి పొయ్యిలెన్నో వున్నాయి. మామిడి, జీడిమామిడి తోటలు పూత మీద వున్నాయి. మట్టి బాట మీద టైరు చేసే చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు.

జలాశయం గట్టెక్కి చూస్తే మూడు వైపులా కొండలు, నడుమ నీలంగా నీళ్ళు. నిండు నీటిమట్టం 114 మీటర్లు. దీని కింద పదిహేను వేల ఎకరాలకు పైగా ఆయకట్టు వుంది. నగరానికి నీళ్ళు పోగా మిగిలినదే మాకు వస్తోందని, జలాశయాన్ని పూర్తిగా సేద్యానికే వుంచాలని ఇక్కడి రైతులు చాలాకాలంగా అడుగుతున్నారు. గట్టు మీద నిలబడి చూస్తే ఎవరి దాహమూ అన్యాయం అనిపించదు. చిక్కంతా అక్కడే వుంది.

రెండో రోజు దారి కొండల్లోకి. రైవాడ దాటి పైకి పోతే అనంతగిరి మండలం గూడేలు వస్తాయి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు దేవరాపల్లి అనకాపల్లి జిల్లాలోకి, అనంతగిరి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చాయి. ఆ విధంగా పొద్దున్న ఒక జిల్లాలో టీ తాగి, ఎండెక్కేలోపల మరో జిల్లాలోకి సైకిలు మీద చేరుకోవచ్చు. కొంతదూరం పోయాక తారు అయిపోయింది. ఎర్రమట్టి, దాని మీద రాళ్ళు, అక్కడక్కడా దారికి అడ్డంగా పారే గెడ్డలు. మా వాడి ముఖం వెయ్యి దీపాలతో వెలిగింది. టైర్లలో కాస్త గాలి తీసి, చిన్న గేరు వేసి, పాటలు పాడుతూ ఎక్కడం మొదలుపెట్టాడు. నేను ఎక్కగలిగిన చోట ఎక్కి, లేని చోట దిగి నడిచాను. ఆయాసంలో కూడా ఆ అడవి అందం దాగలేదు. చింతలు, పనసలు, జీలుగు చెట్లు, చెట్లను చుట్టుకున్న అడ్డాకు తీగలు. మలుపు తిరిగినప్పుడల్లా కింద లోయలో నీటి మెరుపు.

ఒక గెడ్డ దగ్గర ఎదురుగా మనుషులు వస్తూ కనిపించారు. ఇద్దరు ముందూ వెనకా గెడకర్ర భుజాన మోస్తున్నారు. కర్రకు దుప్పటి వుయ్యాలలా కట్టి వుంది. అందులో నిండు చూలాలు. మరో ఇద్దరు భుజం మార్చుకోవడానికి పక్కన నడుస్తున్నారు. వెనక మూట పట్టుకుని తల్లి. మేము సైకిళ్ళు దిగి పక్కకు తప్పుకున్నాము. గెడ్డ అవతల దించి ఒక్క నిమిషం ఆగారు. మా సీసాల్లో నీళ్ళు ఆమెకు ఇచ్చాము. కింద తారు రోడ్డు దాకా మోస్తే అక్కడికి 108 బండి వస్తుందట.

మోసేవారిలో పెద్దవాడు మా వాడి సైకిలు వంక చూశాడు.

"బాబూ, దీని ఖరీదెంతుంటాది?"

మా వాడు నసుగుతూ, "లక్ష దాటిందండీ" అన్నాడు.

"లచ్చ రూపాయిలా! ఈ రాళ్ళలో తొక్కడానికేనా?" అని అతను నవ్వాడు. వెటకారం లేదు, నిజమైన ఆశ్చర్యమే. "మాకైతే ఈ రాళ్ళు పోతే చాలనుంటాది బాబూ."

డోలీ మళ్ళీ భుజానికెత్తుకుని వెళ్ళిపోయారు. మా వాడు పాట మళ్ళీ ఎత్తుకోలేదు.

మధ్యాహ్నానికి సరియా జలపాతం దరిదాపులకు చేరాము. నల్లటి బండల మీదుగా అంచెలంచెలుగా దూకే నీళ్ళు చూడడానికి రెండు కళ్ళూ చాలవు. ఆ బండలు పాచిపట్టి జారతాయి. స్నానానికి దిగి ప్రాణాలు పోగొట్టుకున్న కుర్రవాళ్ళున్నారు. మేము ఒడ్డునే కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్నాము.

అప్పుడు మా వాడు, "మామయ్యా, ఈ దారికి కూడా తారు పోసేస్తే ఇక్కడ గ్రావెల్ సవారీ వుండదు కదా?" అన్నాడు. సందేహం కంటె దిగులే ఎక్కువ వుంది ఆ గొంతులో, ఏది కోరుకోవాలో తెలియని దిగులు.

రాష్ట్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో 'అడవితల్లి బాట' పేరుతో గిరిజన గ్రామాలకు రోడ్లు వేసే పని మొదలుపెట్టింది. కొండల్లో డోలీ మోతలు పోవాలన్నదే దాని ఉద్దేశం. ఒక్కొక్క గూడేనికీ రోడ్డు పడేకొద్దీ ఒక్కొక్క గ్రావెల్ దారి తగ్గుతుంది. తగ్గనివ్వండి. కాలువ గట్లు ఎక్కడికీ పోవు, తోటల్లో బండి బాటలూ పోవు. సరదాకు తొక్కేవాడికి అవి చాలు. కాని పురిటినొప్పులు పడుతున్న మనిషికి మరో దారి లేదు. "ఏ దారి ఎవరికి ఎంత అవసరమో లెక్క కడితే జవాబు అదే వస్తుందిరా" అన్నాను. మా వాడు తలవూపి సైకిలెక్కాడు.

సాయంత్రం దేవరాపల్లిలో టీ దుకాణం దగ్గర ఆగితే, డోలీ వెంట వచ్చిన వాళ్ళలో ఒకతను కనిపించాడు. "ఆడపిల్లండి! తల్లీపిల్లా బాగున్నారు" అని తనే చెప్పి, మేము వద్దంటున్నా మా టీ డబ్బులు కూడా ఇచ్చేశాడు.

వెళ్ళదలచిన వారికి రెండు మాటలు. కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. వానల్లో గెడ్డలు పొంగుతాయి, వెళ్ళకండి. ఖరీదైన సైకిలే వుండాలని లేదు, మంచి బ్రేకులూ లావుపాటి టైర్లూ వుంటే పాత సైకిలైనా కాలువ గట్టుకు చాలు. అదనపు ట్యూబు, పంపు, నీళ్ళు దగ్గర వుంచుకోండి. జలపాతంలో దిగకండి. గూడెంలో చింతపండో పసుపో కొంటే బేరం ఆడకండి. దారిలో డోలీ ఎదురైతే దిగి దారి ఇవ్వండి. మీరు వెళ్ళే నాటికి అక్కడ తారు రోడ్డు పడి వుంటే మాత్రం నిరుత్సాహపడకండి, సంతోషంగా సైకిలు కాలువ గట్టు మీదికి తిప్పండి.