చాబీ లేని ఫైళ్లు

మొన్న రంజాన్‌కి ముందు ఇల్లు సదురుతుంటే పాత హార్డ్ డిస్క్ దొరికింది. దాంట్లో అబ్బా ఉన్నాడు. అంటే, అబ్బా మాటలు. 2004లో బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ గురించి ఆయన ఉర్దూలో చెప్తూ పోతే నేను తెలుగులో రాసుకొని, నిజామాబాద్‌లో ఓ డీటీపీ సెంటర్‌లో రాత్రుళ్లు కూర్చొని టైప్ చేసిన పన్నెండు పేజీలు. శక్కర్‌నగర్ క్వార్టర్లు, సీజన్‌లో ఊరంతా కమ్ముకునే మొలాసిస్ వాసన, గేటు ముందు తెల్లారేదాకా చెరకు బండ్ల బారు. ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఆ మరుసటేడే అబ్బా ఇంతెఖాల్.

ఫైల్ తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, మధ్యమధ్య కామాలు, బ్రాకెట్లు. ఒక్క తెలుగు ముక్క లేదు.

ఫైల్ ఖరాబ్ కాలేదు. అప్పటి ఫాంట్ల తరీఖానే అంత. ఇంగ్లీషు అక్షరాల కుర్చీల్లో తెలుగు ముక్కల్ని కూర్చోబెట్టేవాళ్లు. ఆ ఫాంట్ ఉంటే తెలుగు, లేకుంటే చెత్త. మేం వాడిన సాఫ్ట్‌వేర్ నడవాలంటే కంప్యూటర్ వెనక, ప్రింటర్ వైరు పెట్టే పోర్టుకి, ఓ తాలా గుచ్చాలి. నా కొత్త కంప్యూటర్‌కి ఆ పోర్టే లేదు. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే "కొత్త వెర్షన్ కొనండి సార్" అన్నారు. పాత ఫైల్ తెరుచుకుంటుందా అంటే గ్యారంటీ లేదట. నస్తాలిక్‌లో కొట్టుకున్న అమ్మీ ఖత్‌లదీ అదే హాల్. దాని ప్రోగ్రాం వేరు, తాలా వేరు.

యూనికోడ్‌లో 'అ' నంబర్ 3077, అలిఫ్ నంబర్ 1575. ఎవరు చేసిన మెషీన్‌లోనైనా ఆ నంబర్‌కి ఆ అక్షరమే. నా రెండు జబాన్లూ ఒకే పేజీలో పక్కపక్కన కూర్చుంటాయి. 1991లోనే తెలుగుకి అందులో జాగా దొరికింది. ఆ ఖబర్ మా డీటీపీ సెంటర్ల దాకా రావడానికే చాలా ఏళ్లు పట్టింది.

పైసలిచ్చి కొనడానికి నాకేం ఏతరాజ్ లేదు. అమ్మాక కూడా చాబీ జేబులో పెట్టుకొని పోవడమేందని! ఇప్పుడు మెషీన్ మొత్తానిదీ అదే కథ. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 అనే చిప్ కావాలి. మంచిగా నడిచే కంప్యూటర్ని ముసలిదని చెప్పే ఇఖ్తియార్ ఇంటివాడికి లేదు, ఎక్కడో ఉన్న కంపెనీకి ఉంది. ఇట్లాంటి పేచీ వద్దనే హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు లినక్స్‌ని తెలుగులోకి తెచ్చారు. అందులో లోపలి రాత అంతా బయటే ఉంటుంది. ఒకరు వదిలేస్తే ఇంకొకరు పట్టుకోవచ్చు. నేను దానికి మారి ఆరు నెలలైంది. ప్రింటర్‌తో ఇంకా కొట్లాటే, ఝూట్ చెప్పను.

ఫ్యాక్టరీ బంద్ అయినప్పుడు బోధన్ రైతుకి, దూరమైనా, ఇంకో మిల్లు ఉండె. నా ఫైల్‌కి ఆ ఒక్క మిల్లే.

చివరికి ఆ డీటీపీ సెంటర్ భాయ్ దగ్గరికే పోయిన. మూలన దుమ్ములో పాత మెషీన్, వెనక తాలా అట్లనే ఉంది. మూడోసారికి ఆన్ అయింది. పన్నెండు పేజీలూ ప్రింట్ తీసిచ్చి, "చాయ్ పైసలియ్యి చాలు" అన్నాడు. ఇప్పుడు యూనికోడ్‌లో మళ్లీ కొడుతున్న. ఏడో పేజీలో రిబ్బన్ సరిగ్గా పడలేదు. అబ్బాతో ఒకే షిఫ్టులో పనిచేసిన మనిషి పేరు, మొదటి అక్షరం 'ఖ', మిగతాది కనిపిస్తలేదు. ఈ జుమ్మాకి శక్కర్‌నగర్ పోయి పాత మజ్దూర్‌లని అడగాలి.