ఒకే టోకెన్ నంబరు, ఇద్దరు రైతులు

తోతాపురి సీజన్. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. రాత్రి పదకొండు దాటాక టోకెన్లు ఇచ్చే మా వెబ్ అప్లికేషన్ ఆగిపోయింది. నేను తిరుపతిలో రూమ్‌లో అన్నం తింటున్నా. సూపర్‌వైజర్ ఫోన్ చేస్తే, వెనకాల ఒక పెద్దాయన గొంతు: “ఏం నాయినా, మీ కంప్యూటర్ లేస్తదా లేదా? ఆడ కాయ మెత్తబడతా వుంది!”

సర్వర్‌లోకి వెళ్లి చూస్తే డిస్క్ 100 శాతం నిండిపోయింది. చేసింది నేనే. మూడు వారాల కిందట ఒక బగ్ కోసం లాగ్ లెవెల్‌ని ‘ఇన్ఫో’ నుంచి ‘ఫైన్’కి దించి, మళ్లీ మార్చడం మర్చిపోయా. పేరు చూసి మోసపోకండి, ‘ఫైన్’ అంటే ప్రతి చిన్న విషయమూ రాసిపెట్టడం.

టామ్‌క్యాట్ రోజుకో లాగ్ ఫైలు రాస్తుంది. టామ్‌క్యాట్ 9తో వచ్చే సెట్టింగ్స్‌లో పాతవాటికి 90 రోజుల గడువు ఉంటుంది. ‘కాటలీనా డాట్ అవుట్’ అలా కాదు. కన్సోల్ మీదికి వచ్చేదంతా స్టార్టప్ స్క్రిప్ట్ అందులోకి మళ్లిస్తుంది. మనం వేరే ఏర్పాటు చేయకపోతే అది పెరుగుతూనే ఉంటుంది.

కంగారులో దాన్ని డిలీట్ చేశా. ఫైలు పోయింది, డిస్క్ మాత్రం అంతే! టామ్‌క్యాట్ ఆ ఫైలును ఇంకా తెరిచి పట్టుకునే ఉంది మరి. రీస్టార్ట్ చేస్తే గానీ చోటు రాలేదు.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. డేటాబేస్ కూడా అదే డిస్క్ మీద ఉంది. చివర్లో చీటీలు ప్రింట్ అయ్యాయి గానీ రికార్డు పడలేదు. సిస్టమ్ అవే నంబర్లు మళ్లీ ఇచ్చింది. ఒకే నంబరుతో ఇద్దరు రైతులు, ఇద్దరిదీ నిజమే. ఎవరు ముందో లాగ్‌లో చూద్దామంటే, రాయడానికి చోటు లేక ఆ అరగంట అసలు పడనేలేదు.

తేల్చింది గేటు దగ్గరి వాచ్‌మన్. ఆయన నోటుబుక్కులో బండి నంబరు, రైతు పేరు, వచ్చిన టైము వరసగా ఉన్నాయి. సూపర్‌వైజర్ దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే, తెల్లారేదాకా కూర్చుని వరస సరిచేశా.

మర్నాడు లెవెల్ మళ్లీ ‘ఇన్ఫో’. కాటలీనా డాట్ అవుట్‌కి లాగ్‌రొటేట్ పెట్టా, లాగ్‌లని వేరే డిస్క్‌కి మార్చా. టోకెన్ ఇచ్చినప్పుడల్లా పడే లైన్లో రైతుల ఫోన్ నంబర్లు తీసేసి బండి నంబరు, పేరు, టైము పెట్టా. వాచ్‌మన్ని నోటుబుక్కు ఆపమని మాత్రం ఎవరూ చెప్పలేదు.