అద్దకపు అట్ట

మా సండూరు సీమ 1953లో మైసూరు రాష్ట్రమున చేరినది. నేడు యశ్వంతనగరులోని మా యింటి పిల్లలు తెలుగు మాటలాడుదురు గాని చదువలేరు.

కచ్చేరిలో రిజిస్టర్లు కుట్టుట చూచి నేర్చిన విద్యతో, మా తండ్రిగారి తెలుగు పుస్తకములకు పెడన అద్దకపు గుడ్డతో అట్టలు కట్టుచున్నాను. కరక్కాయ, పాలలో ముంచి యెండబెట్టిన గుడ్డపై, ఇనుము బెల్లముతో ఊరిన నీటిలో అద్దిన చెక్క అచ్చును వేయుదురు. కరక్కాయ వగరు ఇనుముతో కలిసి నలుపగును. పాలు గీతను చెదరనీయవు. అట్టకు వేయునపుడు గుడ్డ వెనుక పలుచని కాగితము అంటింపవలెను. లేనిచో జిగురు పైకి ఊరి బొమ్మ చెడును.

నెమలి బొమ్మను చూచి మనుమరాలు పుస్తకము చేతబట్టి, లోని యక్షరము లేవని యడిగినది. కన్నడ లిపి తెలిసిన బిడ్డకు తెలుగు లిపి దగ్గరి చుట్టమే. ఇప్పుడు కూడబలుకుకొని చదువుచున్నది. పుస్తకము బీరువాలో నున్నంత మాత్రమున భాష నిలువదు. దానిపై చేయి వేయు బిడ్డ యుండవలెను.