మంచునదుల దేశంలో నల్లగొండ దాహం

వైద్యవృత్తి నుండి విరమించిన తరువాత నేను చేసిన ప్రయాణాలలో మనసున బాగా నిలిచిపోయినది 2025 జూలైలో చేసిన కెనడా యాత్ర. మా అమ్మాయి, అల్లుడు కాల్గరీ నగరంలో ఉంటారు. వారి వద్ద కొన్నాళ్ళు ఉండి, రాకీ పర్వతాలు చూచి, రైలులో విన్నిపెగ్ దాకా వెళ్ళి వచ్చాము. మీకు ఆ కొండల గురించి, ఎలుగుబంట్ల గురించి చెబుతాను. కాని ఎక్కువగా చెప్పబోయేది అక్కడి నీటి గురించి. నల్లగొండలో ఉద్యోగం చేసిన వైద్యునికి ఏ దేశం వెళ్ళినా మొదట కనబడేది నీరే.

కెనడా వైశాల్యంలో భారతదేశానికి ఇంచుమించు మూడు రెట్లు. జనాభా మాత్రం తెలంగాణ కంటె కొద్దిగా ఎక్కువ. ఇంత విశాలమైన దేశంలో ఆసుపత్రి ఎక్కడో, మనం ఎక్కడో! అందుచేత పెద్దవయసులో బయలుదేరేవారు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. రోజూ వాడే మందులను, వాటి చీటీతో సహా, చేతిసంచిలోనే ఉంచుకోండి. పాత జబ్బులకు కూడా వర్తించే ప్రయాణ బీమా తీసుకోండి. సుదీర్ఘ విమాన ప్రయాణంలో కదలక కూర్చుంటే కాళ్ళ సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది కనుక గంట, రెండు గంటల కొకసారి లేచి నాలుగడుగులు వేయండి. నేను, నా శ్రీమతి అలాగే చేశాము.

కాల్గరీ చేరిన మరునాడు ఉదయం వంటింటి కుళాయి నుండి గ్లాసుతో నీళ్ళు పట్టుకుంటుండగా మా అల్లుడు యథాలాపంగా అన్నాడు: “మామయ్యగారూ, మొన్న జూన్ 30 నుండి మా నీళ్ళలో మళ్ళీ ఫ్లోరైడు కలుపుతున్నారు.”

గ్లాసు నోటిదాకా వెళ్ళలేదు. నా జీవితంలో సగభాగం నీటి నుండి ఫ్లోరైడును ఎలా తీసివేయాలా అన్న చింతతో గడిచింది. ఇక్కడ డబ్బు ఖర్చుపెట్టి కలుపుతున్నారు!

తరువాత నెమ్మదిగా ఆలోచిస్తే అందులో వింత లేదని తెలిసింది. కాల్గరీకి నీరిచ్చే బో నది మంచుకొండలలో పుట్టినది. ఆ నీటిలో సహజంగా ఉండే ఫ్లోరైడు లీటరుకు 0.1 నుండి 0.4 మిల్లీగ్రాములు మాత్రమే. పళ్ళు పుచ్చకుండా దానిని 0.7 వద్ద ఉంచుతారు. 2011లో ఈ పద్ధతిని ఆపివేశారు. ఆపని ఎడ్మంటన్ నగరపు పిల్లలతో పోల్చి చూడగా కాల్గరీ పిల్లలలో పుచ్చుపళ్ళు ఎక్కువగా కనిపించాయి. 2021లో ప్రజలు వోటువేసి మళ్ళీ కావాలన్నారు. అదే పదార్థం లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే క్రమంగా విషమవుతుంది. నల్లగొండ పడమటి మండలాలలోని బోరుబావులలో ఆ హద్దుకు ఎన్నో రెట్లు ఉన్న నీటిని తరాల తరబడి తాగారు. మందుకూ విషానికీ తేడా మోతాదులో ఉన్నదని వైద్యవిద్యార్థిగా చదువుకున్నాను. ఆ మాట అర్థం ఒక గ్లాసు నీళ్ళలో కనిపించింది.

కాల్గరీ నుండి బాన్ఫ్‌కు వెళ్ళాము. 1885లో ఏర్పడిన ఆ ఉద్యానం కెనడాలో మొట్టమొదటి జాతీయ ఉద్యానం. అక్కడి నుండి లేక్ లూయీస్‌కు వెళ్ళాము. లేక్ లూయీస్ నుండి జాస్పర్‌కు 232 కిలోమీటర్ల కొండదారి. దారి పొడవునా రెండు పక్కలా మంచుకొండలు, వాటి మధ్య నెమలికంఠపు రంగు సరస్సులు. మంచునదులు కదులుతూ బండలను పిండిలా నూరుతాయి. ఆ సన్నని రాతిపొడి నీటిలో తేలుతూ వెలుగును వెదజల్లడం వలన సరస్సులకు ఆ రంగు వస్తుంది. ఒకచోట కార్లన్నీ బారులు తీరి ఆగి ఉన్నాయి. చూస్తే నల్ల ఎలుగుబంటి ఒకటి పిల్లతో రోడ్డు పక్కన పచ్చిక మేస్తున్నది. ఎలుగుబంటికి కనీసం 100 మీటర్లు, దుప్పుల వంటి జంతువులకు 30 మీటర్లు దూరంగా ఉండాలని అక్కడి నియమం. మేము కారు దిగకుండానే కనులారా చూచి ముందుకు సాగాము.

కొలంబియా హిమక్షేత్రం వద్ద జూలైలో కూడా చలి ఎముకలను కొరికింది. అక్కడి స్నో డోమ్ అనే శిఖరం మీది మంచు కరిగి మూడు దిక్కులకు పారుతుంది. ఒక పాయ పసిఫిక్‌కు, ఒకటి ఆర్కిటిక్‌కు, మరొకటి హడ్సన్ అఖాతం మీదుగా అట్లాంటిక్‌కు చేరుతుంది. మా చిన్నతనంలో పాలమూరు పల్లెలో రెండు మైళ్ళు నడిచి ఒక బిందె నీళ్ళు తెచ్చిన మా అమ్మ గుర్తుకు వచ్చింది. ఒక్క కొండ మూడు సముద్రాలకు నీళ్ళు పంచుతుందని చెబితే ఆమె నమ్మేది కాదేమో! అక్కడే అథబాస్కా మంచునది ఏ సంవత్సరంలో ఎంతవరకు ఉండేదో తెలిపే రాళ్ళు పాతి ఉన్నాయి. గడచిన 125 సంవత్సరాలలో అది కిలోమీటరున్నరకు పైగా వెనుకకు పోయింది. ఆ రాళ్ళ మధ్య నడుస్తుంటే, రోగి మంచం వద్ద వేలాడే పట్టికలో నానాటికీ తగ్గిపోయే బరువును చదువుతున్నట్లు అనిపించింది.

దారిలో ఒక సెలయేటి వద్ద ఆగాము. నీరు అద్దంలా ఉంది. అడుగున గులకరాళ్ళను లెక్కపెట్టవచ్చు. ఎనిమిదేళ్ళ మనుమరాలు వంగి దోసిలి పట్టింది. “తాగవద్దమ్మా!” అని గట్టిగా అరిచాను. పాప బెదిరిపోయింది. “ఎందుకు తాతా? ఇంత తేటగా ఉన్నాయి కదా!” అన్నది.

అడవి జంతువుల మలం వలన అటువంటి నీటిలో జియార్డియా అనే పరాన్నజీవి ఉండవచ్చు. అది పేగులలో చేరి వారాల తరబడి విరేచనాలు కలిగిస్తుంది. అక్కడివారు దానిని బీవర్ జ్వరం అంటారు. పాపకు ఆ విషయం చెప్పాను. కాని అంత గట్టిగా అరవడానికి అసలు కారణం అది కాదు. ఆ కారణం మీకు చెబుతాను.

1980ల తొలిరోజులలో పడమటి నల్లగొండలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేశాను. నడుము, మోకాళ్ళ నొప్పులంటూ రోజూ జనం వచ్చేవారు. నొప్పి మాత్రలు ఇచ్చి పంపేవాడిని. ఏ నీళ్ళు తాగుతున్నారని అడగలేదు. చాలా నెలలు అడగలేదు. ఒకనాడు ఒక తల్లి తన కొడుకును చంకనెత్తుకొని తెచ్చింది. పిల్లవానికి తొమ్మిదేళ్ళు. మోకాళ్ళు లోపలికి వంగి ఒకదాని కొకటి తగులుతున్నాయి. పళ్ళ మీద గోధుమరంగు చారలు. అప్పుడు అడిగాను, “ఏ నీళ్ళు తాగుతున్నారమ్మా?” అని.

“మా బోరింగు నీళ్ళే సారూ. అద్దం లెక్క ఉంటయి. మా బాయి నీళ్ళు బురద అని, పిలగానికి అవ్వే తాపిచ్చిన” అన్నది.

ఆమె కొడుకుకు మంచి నీళ్ళని భావించి ఆ తేటనీళ్ళే పట్టింది. ఫ్లోరైడుకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. నేల లోతున గ్రానైటు బండలలోని ఖనిజాల నుండి నీటిలో కరుగుతుంది. ఎముకలలో పేరుకొని, కీళ్ళను బంధించే స్నాయువులను సైతం రాయిలా గట్టిపరుస్తుంది. అలా వంగిన ఎముకను మామూలు స్థితికి తెచ్చే మందు లేదు. నివారణ ఒక్కటే మార్గం. ఆ తల్లికి ఏమి చెప్పాలో నాకు తోచలేదు. బోరింగు నీళ్ళు మానమన్నాను. “మరి ఏం తాగాలె సారూ?” అని అడిగింది. ఆ ప్రశ్నకు ఆనాడు నా వద్ద సమాధానం లేదు. సెలయేటి ఒడ్డున నా చేత అరిపించినది ఆ ప్రశ్నే.

జాస్పర్ పట్టణం 2024 జూలైలో కార్చిచ్చుకు గురియై మూడవ వంతు కాలిపోయింది. ఏడాది తరువాత మేము వెళ్ళినప్పుడు కొండల మీద నల్లని మోడులు నిలిచి ఉన్నాయి. వాటి కింద గులాబిరంగు పూలు విరగబూశాయి. అక్కడ విన్నిపెగ్‌కు రైలెక్కాము. రెండు పగళ్ళు, ఒక రాత్రి ప్రయాణం. సరకుల బండ్లకు దారి ఇస్తూ మా రైలు ఎన్నోసార్లు ఆగింది. మొదట అడవులు, తరువాత కనుచూపు మేర పచ్చని పూలతో కనోలా చేలు. మన ఆవాల కుటుంబానికి చెందిన పంట అది. ఆ వేసవిలో మానిటోబా రాష్ట్రంలోని అడవులు కూడా మండుతుండడం వలన విన్నిపెగ్‌లో పొగ కమ్మి ఉంది. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు అటువంటి రోజులలో కిటికీలు మూసుకొని ఇంట్లో ఉండాలి. బయటకు వెళ్ళక తప్పకపోతే ఎన్-95 మాస్కు ధరించాలి.

విన్నిపెగ్‌లో నా సహపాఠి ఒకడు చిరకాలంగా స్థిరపడ్డాడు. భోజనానికి కూర్చున్నప్పుడు గ్లాసులో నీళ్ళు పోస్తూ, “ఇవి ఎక్కడివో తెలుసా? నల్లగొండవాడివి కాబట్టి నీకు చెప్పాలి” అంటూ ఒక కథ చెప్పాడు.

విన్నిపెగ్ నగరానికి 1919 నుండి సుమారు 150 కిలోమీటర్ల దూరాన ఉన్న షోల్ లేక్ అనే సరస్సు నుండి నీరు వస్తున్నది. ఆ సరస్సు ఒడ్డున ఆదివాసుల గ్రామం ఉంది. దాని పేరు షోల్ లేక్ 40. నగరానికి నీరు మళ్ళించే నిర్మాణాల వలన ఆ గ్రామం ఒక కృత్రిమ దీవిగా మారింది. 1997 నుండి 2021 దాకా, అనగా 24 ఏళ్ళు, ఆ గ్రామస్థులు కుళాయి నీటిని కాచుకోనిదే తాగలేకపోయారు. సీసా నీళ్ళు తెప్పించుకొని బతికారు. ఊరికి ఏడాది పొడవునా పనికివచ్చే రోడ్డు 2019లో, నీటి శుద్ధి కేంద్రం 2021లో వచ్చాయి. 2014లో విన్నిపెగ్‌లో మానవ హక్కుల మ్యూజియం ఘనంగా తెరిచినప్పుడు, ఆ గ్రామస్థులు తమ ఊరినే హక్కుల ఉల్లంఘనల మ్యూజియంగా ప్రకటించారు.

నేను కొంతసేపు మాట్లాడలేకపోయాను. మీలో నల్లగొండవారికి ఆ కథ కొత్తది కాదు. కృష్ణ మన జిల్లా అంచున పారుతున్నది. 2004 నుండి అక్కంపల్లి జలాశయపు నీరు కోదండాపురంలో శుద్ధియై, పెద్దపెద్ద గొట్టాలలో మన జిల్లా నేల మీదుగానే హైదరాబాదుకు పోతున్నది. ఆనాడు దారికి దూరం కాని ఎన్నో పల్లెలు ఫ్లోరైడు నీళ్ళే తాగుతున్నాయి. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీచేసి, వోటుపత్రాన్ని పుస్తకంగా మార్చి దేశానికి తమ గోడు వినిపించుకోవలసి వచ్చింది. ఇక పాలమూరు కూలీలు దేశంలో ఎన్ని ఆనకట్టలకు మట్టి మోశారో! వారి ఊళ్ళు మాత్రం ఎండిపోయే ఉన్నాయి. నీరు దగ్గరలో ఉండడం వేరు, నోటికి అందడం వేరు. కెనడా వంటి సంపన్న దేశంలోనూ ఇది ఇంతేనని తెలిసి నాకు ఊరట కలగలేదు. బాధ రెట్టింపయింది.

ఇప్పుడు మిషన్ భగీరథ ద్వారా మన పల్లెలకు నది నీరు వస్తున్నది. ఇది చిన్న విషయం కాదు. అయినా ఊరికి వెళ్ళినప్పుడు చూస్తుంటాను. కుళాయి రాని రోజున, లేదా రుచి నచ్చలేదని, బోరు నీళ్ళు పట్టుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. కొందరు తాగడానికి కుళాయి నీరు వాడి, వంటకు బోరు నీరు వాడుతారు. అన్నంలో, పప్పులో చేరిన ఫ్లోరైడు కూడా కడుపులోకే పోతుంది. అందుచేత మీకు నా మనవి:

నీటి తేటదనాన్ని చూచి నీటిని నమ్మకండి. నీటిని కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి కాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ దాని గాఢత ఇంకా పెరుగుతుంది. మీ బోరు నీటిని సీసాలో పట్టి జిల్లాలోని గ్రామీణ నీటి సరఫరా విభాగంవారి ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికీ, వంటకూ మానండి. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలున్న ఇంట మరింత జాగ్రత్త అవసరం, శాశ్వత దంతాలు రూపుదిద్దుకునే వయసు అదే. పాలు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి, జామ వంటివి పిల్లలకు పెట్టండి. కాల్షియం, విటమిన్-సి తక్కువైన శరీరంలో ఫ్లోరైడు చేసే హాని ఎక్కువ.

అవకాశం ఉంటే కెనడా వెళ్ళి రండి. ఆ కొండలను, ఆ సరస్సులను ఒక్కసారైనా చూడవలసిందే. కాని ఈ వారంలో మీ ఊరి ఇంటికి ఒకసారి ఫోను చేసి, “అమ్మా, ఏ నీళ్ళతో వండుతున్నావు?” అని అడగండి. నేను చాలా నెలలు ఆలస్యంగా అడిగిన ప్రశ్న అది.